నల్లమలలో మనిషి తప్పిపోతే: డ్రోన్ ముందా, చెంచు ముందా?

అమ్రాబాద్, పదర వైపు ఊళ్లలో ఎవరైనా అడివికి పోయి పొద్దుగూకినా రాకపోతే ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని బయల్దేరుతుంది. ప్రేమతోనే పోతారు, కాదనను. కానీ తెల్లారేసరికి ఆ దారి నిండా వందల చెప్పుల ముద్రలు పడతాయి. తప్పిపోయినాయన ముద్ర వాటి కింద కలిసిపోతుంది. ఆ తర్వాత కుక్కను తెచ్చినా, ఈ అడివిలోనే పుట్టి పెరిగిన చెంచు గిరిజనుణ్ణి తెచ్చినా సగం పని చెడినట్టే. అందుకే సెల్ టవర్, డ్రోన్, కుక్క, చెంచుల్లో ఏది మేలు అనడిగితే నేను ఏది ముందు అనే అడుగుతాను.

సెల్ టవర్ సంగతి తొందరగా తేల్చేద్దాం. పట్నంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి మనిషి ఏ బస్తీలో ఉన్నాడో దాదాపు దొరుకుతుంది. మన్ననూరు దాటి ఫరహాబాద్ వైపు ఎక్కితే ఒక్క టవర్ కిందే కిలోమీటర్ల అడివి. కృష్ణ లోయ అంచున నిలబడ్డ ఫోన్ అవతలి గట్టు టవర్‌నే పట్టుకోవచ్చు. అయినా వదిలేయకండి. మనిషి అడివిలో ఉన్నాడా, అలిగి హైదరాబాద్ బస్సెక్కాడా అన్నది తేల్చేది ఇదీ, అచ్చంపేట బస్టాండులోని సీసీ కెమెరా. ఆ ముక్క తెలియక గుట్టలన్నీ గాలించడం వృథా. ఇంకో మాట: ఇరవై నాలుగు గంటలు ఆగితేనే ఫిర్యాదు తీసుకోవాలని ఏ చట్టంలోనూ లేదు. 100కు వెంటనే కొట్టొచ్చు.

డ్రోన్ విషయంలో కాలం చూడాలి. నల్లమల ఆకు రాల్చే అడివి. శివరాత్రి దాటాక ఉగాది పోయేదాకా పైనుంచి నేల కనిపిస్తుంది. వానలు పడ్డాక ఆకు కమ్మేస్తుంది, కింద ఏనుగు ఉన్నా తెలియదు (నల్లమలలో ఏనుగుల్లేవు, మాటవరసకన్నాను). వేడిని పట్టే కెమెరా ఉన్నా ఎండాకాలం మధ్యాహ్నం ఎగరేస్తే లాభం లేదు. బండలు మనిషి ఒంటికంటే ఎక్కువ కాగి ఉంటాయి, రాత్రి చాలాసేపటిదాకా చల్లారవు. బండలు చల్లబడే తెల్లవారుజామే దానికి సరైన వేళ. పైగా అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, కోర్ (నడిమి అడివి), బఫర్ (చుట్టూ అంచు) కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. అటవీ శాఖ సరేననాలి, బ్యాటరీ అయిపోయిన ప్రతిసారీ దింపి మార్చాలి.

2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయినప్పుడు ఆకాశమే గెలిచింది కదా అంటారు. నిజమే. మబ్బు, వాన కాస్త తెరిపివ్వగానే మర్నాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాలను చూసింది వైమానిక దళం హెలికాప్టరే. కానీ అక్కడ చెట్లు విరిగాయి, కాలాయి. చెట్టు కింద సొమ్మసిల్లి పడున్న ముసలాయన అలాంటి గుర్తేమీ వదలడు.

కుక్కల గురించి మనవాళ్లకు నమ్మకం ఎక్కువ, సరైన సమయానికి తేవడం తక్కువ. వాసన పట్టి నడిచే కుక్కకు ఉతకని బట్ట కావాలి, అదీ నలుగురి చేతులు పడనిది. ఎర్రటి ఎండ, ఎండు గాలి దానికి శత్రువులు. చల్లటి తేమ పొద్దు మేలు. శవాల వాసన పట్టే కుక్కల శిక్షణ వేరు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు నేల లోపలి వస్తువులను చూపే రాడార్లూ వచ్చాయి, కేరళ పోలీసుల అలాంటి కుక్కలూ వచ్చాయి. మార్చి 9న మొదటి మృతదేహం దొరికింది కుక్కలు గుర్తుపట్టిన చోటే.

ఇక చెంచులు. అప్పాపూర్ పెంట (చెంచుల గూడేన్ని పెంట అంటారు) మనిషిని వెంట తీసుకుపోతే ఆయన ముందు నేల చూడడు, దారికి అడ్డంగా సాలెగూడు ఉందా లేదా చూస్తాడు. గూడు చెక్కుచెదరకుండా ఉంటే పొద్దుట్నుంచి అటు ఎవరూ పోలేదన్నమాట. తర్వాత బోర్లాపడ్డ రాయి. తడి ముఖం పైకి తిరిగి ఉంటే ఇప్పుడిప్పుడే తగిలింది, ఆరిపోయి ఉంటే పాత సంగతి. తిరగబడిన ఆకు లేతరంగు వైపు కనిపిస్తుంది. చెప్పు ముద్రలో ముందుభాగం లోతుగా దిగి, మడమ ఈడ్చినట్టుంటే "అలిసిండు, ఎక్కువ దూరం పోడు" అంటాడు. దాని మీద ఎలుగు అడుగు పడిందా, ఎలుగు అడుగు మీద ఇది పడిందా అన్నదాన్ని బట్టి రాత్రా పగలా చెప్తాడు. అంతకంటే పెద్ద విషయం నీళ్లు. ఏ లొద్దిలో (లోతు లోయలో) చైత్రం దాకా ఊట ఉంటుంది, ఏ వాగులో చెలిమె తీస్తే తడి తగులుతుంది అన్నది మ్యాపులో ఉండదు. దప్పికైన మనిషి చివరికి చేరేది అక్కడికే. ఎండాకాలంలో నా ఓటు ఈ ఒక్క కారణానికే చెంచుకు.

అయితే స్థానికుడికీ ఒక గుడ్డిచోటు ఉంది. "అటు ఎవరు పోతరు సారూ, దారే లేదు" అంటాడు. తెలిసినోడు పోడు. సలేశ్వరం జాతరకొచ్చి గుంపు నుంచి విడిపోయిన పట్నపోడు సరిగ్గా అటే పోతాడు. దూరంగా నీటి చప్పుడు వినపడితే పల్లం వైపు దిగుతాడు, దిగినచోటు నుంచి ఎక్కలేడు. అందుకని చెంచు పక్కన ఆ మనిషి ఇంటోడొకరు నడవాలి. మోకాళ్ల నొప్పులున్నాయా, చీకటంటే భయమా, మతిమరుపా అని దారిపొడుగునా చెప్పేవాడు.

నల్లగొండ మైదానంలో చెంచు స్థానం కాలువ చూసుకునే లస్కర్‌ది. సాగర్ ఎడమ కాలువలో ఎవరైనా పడ్డారంటే ఒళ్లు ఏ బ్రిడ్జి దిమ్మెకు తట్టుకుంటుందో, ఏ షట్టర్ దగ్గర ఆగుతుందో ఆయనకే తెలుసు. నీళ్లు తగ్గించమని ఫోన్ కొట్టేటప్పుడే ఆయన్నూ పిలిపించాలి.

మొత్తానికి నా వరస ఇది: టవర్, కెమెరా వివరాలకు కబురు పెట్టి, అవి వచ్చేలోపు చివరిసారి కనిపించిన చోట జనాన్ని ఆపేయడం. పొద్దు పొడవగానే కుక్క, ఆ వెనకే చెంచులు. తెల్లారకముందు డ్రోన్ దొరికితే సంతోషం, లేకపోతే దానికోసం ఆగొద్దు. ఊరి జనం ఆఖరున, అదీ చెంచు చెప్పిన వైపు.

చెంచును పిలిచేటప్పుడు కూలి, తిండి ముందే మాట్లాడుకోవాలి. గాలింపు అయ్యాక ఊరికే పంపేయడం చాలాచోట్ల మామూలైపోయింది. దానికంటే అన్యాయం, శవం చూసి చెప్పినోణ్ణే పదిసార్లు స్టేషన్‌కు తిప్పడం. "చూసినా చెప్పొద్దు" అని పెంటల్లో అనుకుంటున్నారంటే తప్పు వాళ్లది కాదు. వాంగ్మూలం పెంటకే పోయి రాసుకోవచ్చు, కోర్టుకు పోవాల్సి వస్తే బండి ఖర్చు ఇవ్వొచ్చు.