వెయ్యి పుస్తకాలున్న ఈ-రీడర్: ఫోల్డర్లా, కలెక్షన్లా, క్యాలిబరా?

బెంగళూరులో మా తెలుగు పాఠకుల బృందం ఎప్పుడు కలిసినా ఈ ప్రశ్న వస్తుంది: ఈ-రీడర్‌లో పుస్తకాలు వందల కొద్దీ పేరుకుపోయాక వాటిని ఫోల్డర్లలో పెట్టుకోవాలా, రీడర్‌లోనే కలెక్షన్లు (పేరు పెట్టుకున్న పుస్తకాల జాబితాలు) కట్టుకోవాలా, లేక కంప్యూటర్‌లో క్యాలిబర్ అనే ఈ-పుస్తకాలు సర్దే సాఫ్ట్‌వేర్‌తో సర్ది ఎక్కించుకోవాలా? సుమారు 1,200 పుస్తకాలను ఇటీవలే కొత్త రీడర్‌లోకి మార్చుకున్నాను కనుక, మూడింటినీ వాడిన అనుభవంతో నా అభిప్రాయం చెబుతాను.

ఫోల్డర్ల గురించి చెప్పవలసింది తక్కువ. కిండిల్, కోబో రీడర్ల సొంత సాఫ్ట్‌వేర్లు మనం పెట్టిన ఫోల్డర్లను పట్టించుకోకుండా పుస్తకాలన్నిటినీ ఒకే వరుసలో చూపిస్తాయి. పాకెట్‌బుక్ రీడర్ వాడేవారికీ, కోరీడర్ అనే వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నవారికీ మాత్రం ఇవి పనికివస్తాయి.

కలెక్షన్లు అంతకంటే మెరుగు. ఒకే పుస్తకాన్ని 'కథలు'లోనూ 'రాయలసీమ'లోనూ చేర్చుకోవచ్చు. అయితే ఇప్పటి కిండిల్ మోడళ్లలో వాటిని క్యాలిబర్ నుంచి యూఎస్‌బీ ద్వారా పంపడం కుదరదు. రీడర్‌లోనో, ఖాతాలోనో మనమే కట్టుకోవాలి. నా పాత రీడర్ తెర పాడైనప్పుడు పుస్తకాలు కంప్యూటర్‌లో భద్రంగానే ఉన్నాయి గానీ, ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ కట్టిన నలభై కలెక్షన్లు దానితోపాటే పోయాయి. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు.

నా దృష్టిలో అసలు తేల్చవలసిన విషయం వేరే ఉంది. నా రీడర్‌లో తెలుగు కీబోర్డు లేదు కాబట్టి పేరు కొట్టి వెతికే వీలు లేదు. జాబితా తిప్పుకుంటూ పోవలసిందే. పేజీకి ఆరు చొప్పున 1,200 పుస్తకాలంటే 200 పేజీలు. వైట్‌ఫీల్డ్‌లో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో దిగేలోపు చదువుకుందామనుకునే నాకు, వెతకడంలోనే సగం దారి గడిచిపోయేది. ఈ చిక్కు తీరాలంటే రచయిత పేరు, శీర్షిక, సంచిక సంఖ్య అన్ని పుస్తకాల్లోనూ ఒకే తీరున ఉండాలి. ఆ పని చేసిపెట్టేది క్యాలిబర్ ఒక్కటే.

ఒక ఉదాహరణ చూడండి. కొడవటిగంటి కుటుంబరావు గారి పుస్తకాలు నా దగ్గర మూడు పేర్ల కింద ఉండేవి: పూర్తి పేరుతో కొన్ని, 'కొ.కు.' అని కొన్ని, ఇంగ్లీషు అక్షరాల్లో మరికొన్ని. రీడర్ వాటిని ముగ్గురు రచయితలుగా చూపించేది. క్యాలిబర్‌లోని 'మేనేజ్ ఆథర్స్'లో పేరు ఒక్కచోట సరిచేస్తే, ఆ రచయిత పుస్తకాలన్నిటిలోనూ అది మారుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, క్యాలిబర్ రచయిత పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా భావించి ముందుకు తెస్తుంది. ఇంటిపేరు ముందుండే మన సంప్రదాయంలో కుటుంబరావు గారు 'క' వరుసలోనే 'కు' దగ్గరికీ, విశ్వనాథ సత్యనారాయణ గారు 'స' దగ్గరికీ చేరిపోతారు. క్యాలిబర్ సెట్టింగుల్లోని 'ట్వీక్స్'లో రచయిత పేరు వరుసకు సంబంధించిన విలువను 'కాపీ' అని మార్చి, ఆ వరుసను మళ్లీ లెక్కించమంటే పేర్లు మనం రాసుకున్న క్రమంలోనే నిలుస్తాయి.

పత్రికల సంచికలకు ఈ శ్రద్ధ మరింత అవసరం. 1947 జూలైలో మొదలైన చందమామ సంచికలకు నెల పేరు ముందు పెడితే అక్టోబరు మొదట, ఆగస్టు తరువాత, జనవరి నాలుగో స్థానంలో వస్తాయి. 'చందమామ 1947-07' అని ఏడాది, నెల అంకెల్లో రాసుకుంటే ఏ రీడర్‌లోనైనా వరుస తప్పదు.

క్యాలిబర్‌కు శ్రమ ఎక్కువన్న మాట నిజమే. నాకు రెండు వారాల సాయంత్రాలు పట్టాయి. వంద లోపు పుస్తకాలున్నవారికి రీడర్‌లోని కలెక్షన్లు చాలు. కోబో ఉన్నవారికి మాత్రం క్యాలిబర్‌లో పెట్టిన ట్యాగుల నుంచే కలెక్షన్లు తయారయ్యే సౌకర్యం ఉంది కనుక, వారు రెండో ఆలోచన లేకుండా దీన్నే ఎంచుకోవచ్చు.

క్యాలిబర్ లైబ్రరీ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్ల పేర్లు, చోట్లు చేత్తో మార్చకండి; లోపలి డేటాబేసుకు ఆ పుస్తకాల ఆచూకీ తప్పిపోతుంది. ఆ ఫోల్డర్‌ను మాత్రం ఉన్నదున్నట్టు నెలకోసారి బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. పుస్తకాలతోపాటు మీరు సరిచేసిన పేర్లు, వరుసలు కూడా అందులోనే ఉంటాయి.