పిల్లల బట్టలతో బొంత: సత్యనారాయణపురంలోని ఒక కుట్టుకొట్టు

విజయవాడ సత్యనారాయణపురంలో, శివాజీ కేఫ్ సెంటర్‌కు దగ్గరలోని ఒక వీధిలో, బోర్డు మీద 'ఫాల్, జిగ్‌జాగ్, పికో' అని మాత్రమే రాసి ఉన్న చిన్న కుట్టుకొట్టు ఒకటి ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చీరలకు ఫాల్ వేయించుకోవడానికే వస్తారు. అయితే చనిపోయిన పిల్లల బట్టలు తెచ్చి ఇస్తే వాటితో బొంత కుట్టి ఇవ్వడం కూడా ఆ కొట్టు నడిపే ఆవిడ కొన్నేళ్లుగా చేస్తున్న పని. ఆ సంగతి బోర్డు మీద రాయించడం ఆవిడకు ఇష్టం లేదు. మా పాప బట్టలతో అక్కడ కుట్టించుకున్న బొంతను ఏడాదికి పైగా వాడుతున్నాను కాబట్టి, దాని నాణ్యత గురించీ, కుట్టించుకునేటప్పుడు ఎదురయ్యే విషయాల గురించీ, ఇటువంటి అవసరం పడిన తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని మనవైపు పట్టింపు. పెద్దవాళ్లవైతే ఎవరో ఒకరు తీసుకుంటారు, లేదంటే కృష్ణలో వదిలేస్తారు. పసిపిల్లల బట్టలు మాత్రం ఊరికే ఇస్తామన్నా తీసుకోవడానికి జంకుతారు. పైగా పెద్దలు పోతే పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, సంవత్సరీకం, ఆ తరువాత ఏటా తద్దినం అంటూ చేతులకు ఏదో ఒక పని ఉంటుంది. తొమ్మిదేళ్ల ఆడపిల్ల పోయినప్పుడు మా ఇళ్లలో చేయవలసినదంతా మూడు రోజులతో ముగిసిపోయింది. నాలుగో రోజు నుంచి మాకు మిగిలినవి బీరువాలో ఆమె అర, 'ఇంకొకరిని కనండి, అన్నీ సర్దుకుంటాయి' అనే చుట్టాల ఫోన్లు. నాకు తెలిసినంతవరకు, ఇక్కడ మొదలయ్యే ఖాళీని గుర్తించి దానికి తగిన పని అప్పగించే చోటు మా ఊళ్లో ఈ కొట్టు ఒక్కటే.

ఆవిడ పద్ధతి కొంచెం కఠినంగానే ఉంటుంది. సంచీ తీసుకువెళ్లిన రోజున దాన్ని ముట్టుకోదు. మొదట అడిగేది 'ఇంట్లో ఇద్దరికీ ఇష్టమేనా అమ్మా?' అని, భార్యాభర్తల్లో ఒకరికి తెలియకుండా తెచ్చిన బట్టల మీద కత్తెర పెట్టనంటుంది. ఒక జతనైనా ముక్కలు చేయకుండా ఇంటికి తిరిగి పట్టుకుపోవాలన్నది రెండో షరతు. మూడోది అన్నిటికంటే కష్టమైనది: బట్టల కుట్లు మనమే ఇంట్లో కూర్చుని విప్పుకురావాలి. కూలి తగ్గడం కోసం ఈ షరతు పెట్టిందేమోనని అనుకునేవాళ్లు ఉంటారు. నిజానికి విప్పే పని ఆవిడకు నిమిషాల్లో అయిపోతుంది, మనకే సాయంత్రాలకు సాయంత్రాలు పడుతుంది. పాప గదిలోకి అడుగుపెట్టడం మానేసిన మావారు, ఒక రాత్రి బ్లేడు తీసుకుని స్కూలు స్కర్టు ముందు వేసుకుని కూర్చున్నారు. ఎదిగే పిల్ల కదా అని పొడుగు దించుకోవడానికి వీలుగా దాని అంచును లోపలికి మడిచి కుట్టించాం. ఆ మడత విప్పితే, పైన వెలిసిపోయిన నీలానికి కింద నాలుగు అంగుళాల మేర ఎండా నీరూ తగలని ముదురు నీలం బయటపడింది. ఆ ముక్కను ఆవిడ వేరే వాటితో కలపకుండా బొంత మధ్యలో ఒకే పట్టీగా అడ్డంగా వేసింది.

ఇక పనితనం సంగతి. మా బొంత అయిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. పై పొరలో పాప గౌన్లు, యూనిఫారం. లోపల పాత నూలు చీరలు రెండు. అడుగున నా మంగళగిరి నేతచీర. ఉతికితే ఉండలు కడుతుందని దూది వాడలేదు. పొరలన్నిటినీ కలిపి వేసిన కుట్టంతా చేతికుట్టే. అంచుకు మాత్రమే మిషన్ వాడింది. తెల్లచొక్కా జేబును సిరామరకతో సహా అలాగే ఉంచి, పైభాగం కుట్టకుండా వదిలింది కాబట్టి అందులోకి చెయ్యి పడుతుంది. పట్టుపరికిణీ జరీ ఒంటికి గుచ్చుకుంటుందని, నేను ఎంత చెప్పినా వినకుండా దాన్ని ఒక మూలకే పరిమితం చేసింది. ఇప్పుడు కప్పుకుంటుంటే ఆవిడ మాటే సరైనదనిపిస్తోంది. ఉతక్కుండా దాచుకున్న బట్టలు ఉంటే విడిగా కట్టి ఇవ్వాలి. వాటిని తడపకుండా లోపలి పొరల మధ్య పెడుతుంది. అలాంటి బొంతను తరువాత ఉతకడం కుదరదన్న సంగతి ముందే చెబుతుంది.

లోపాలు లేకపోలేదు. సంక్రాంతికి ఇస్తానన్న బొంత ఉగాది దాటాక చేతికి వచ్చింది, మధ్యలో ఆలస్యమవుతుందన్న కబురు కూడా లేదు. పాలిస్టర్ గౌను ముక్కలు రెండో ఉతుకుకే కుట్టు దగ్గర పీలికలయ్యాయి. డబ్బు తీసుకోకుండా మళ్లీ కుట్టి ఇచ్చింది గాని, ఆ బట్ట నిలవదని మొదటే చెప్పి ఉండవలసింది. కూర్చునే చోటు లేకపోవడం వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది. బ్లౌజు కొలతలు ఇస్తున్నవాళ్ల మధ్య నిలబడి పిల్ల బట్టలు ఒక్కొక్కటిగా బయటికి తీయడం అందరివల్లా అయ్యేది కాదు. మధ్యాహ్నం మూడింటికి ముందు వెళ్తే రద్దీ తక్కువ. కూలి 2,500 రూపాయలు తీసుకుంది. అంత చేతిపనికి అది ఎక్కువని నేననుకోను.

ఆవిడ కొడుకు ఇంటర్ చదువుతుండగా డెంగీతో పోయాడు. అడిగితే ఆ ఒక్కమాట చెప్పి మిషన్ తొక్కుతూనే ఉంటుంది తప్ప, మన దుఃఖం పక్కన తన దుఃఖం తెచ్చి పెట్టదు. ఓదార్పు మాటల కోసం వెళ్లేవాళ్లకు ఆ కొట్టు నచ్చకపోవచ్చు. వైద్యానికి ఇది బదులు కాదన్న సంగతి కూడా ఆవిడకు బాగా తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వ్యాధుల వర్గీకరణలో, ఆరు నెలలు దాటినా తీవ్రత తగ్గకుండా రోజువారీ జీవితాన్ని స్తంభింపజేసే శోకాన్ని చికిత్స అవసరమైన స్థితిగానే గుర్తించారు. నిద్రాహారాలు లేక, బతకాలని లేదంటూ వచ్చిన ఒక తల్లి దగ్గర బట్టలు తీసుకోకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమని పంపించడం నేను చూశాను. మిషన్ పక్క గోడ మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 సుద్దముక్కతో రాసి ఉంటుంది. అది ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. మా బొంత అయిపోయాక నేను చేతికుట్టు నేర్చుకుని, ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ కొట్టులోనే కూర్చుంటున్నాను కాబట్టి, నా మెచ్చుకోళ్లను కొంత తగ్గించుకుని చదువుకోవచ్చు. నాకు మొదట అప్పగించినది సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒక ట్రంకుపెట్టె. ఎప్పుడో పోయిన పిల్లవాడి బట్టలను అందులో దాచుకుంటే, 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరద వాటిని బురదలో ముంచింది. కుంకుడురసంలో ఎన్నిసార్లు నానబెట్టినా బురద చారలు పూర్తిగా పోలేదు. మరకలున్న చోట్లను కత్తిరించి పారేద్దామని నేనంటే, ఆ తండ్రి ఒప్పుకోలేదు. వరద కూడా తమ ఇంటి కథేనన్నారు. చారలతోనే కుట్టాం. ఆ పెట్టె పని జరిగినన్నాళ్లూ, పొద్దున లేవగానే చేయవలసిన పని ఒకటి నాకు గుర్తుకు వచ్చేది. పాప పోయిన తరువాత అలా గుర్తుకు రావడం అదే మొదలు.

శ్రావణమాసంలోనూ దసరా ముందూ ఫాల్ పని తెమలదు కాబట్టి ఆ రోజుల్లో ఇచ్చిన బొంతలు వెనకబడిపోతాయి. ఆషాఢంలో ఇస్తే త్వరగా చేతికి వస్తుంది. అడుగుపొరకు నూలుచీర మనమే తెచ్చుకోవాలి; సిల్కు, పాలిస్టర్ వద్దు. ఆదివారం కొట్టు తెరవరు.