ఆదివారం హెల్త్ క్యాంపా, బస్తీ దవాఖానానా: ఏది మేలు?

వినాయక చవితి చందాల్లో నాలుగు డబ్బులు మిగిలితే, హైదరాబాద్ బస్తీల్లో యూత్ అసోసియేషన్‌కు ముందుగా తట్టేది హెల్త్ క్యాంప్. కమ్యూనిటీ హాల్, ఓ ఫ్లెక్సీ, ఏదో ప్రైవేటు ఆస్పత్రి నుంచి ఇద్దరు డాక్టర్లు, బీపీ, షుగర్ టెస్టులు. రెండు గల్లీల అవతల, సర్కారు నడిపే చిన్న ఆస్పత్రి అయిన బస్తీ దవాఖానాలో ఇవే పరీక్షలు ఏడాది పొడవునా ఉచితంగా చేస్తుంటే మళ్లీ ఈ హడావిడి ఎందుకని గొణిగేవాళ్లు కూడా ప్రతి మీటింగ్‌లో ఉంటారు.

ముందు క్యాంప్ పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. దవాఖానా సాధారణంగా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా తెరిచి ఉంటుంది. అడ్డా కూలీకి, ఇళ్లల్లో పనిచేసే ఆమెకు సరిగ్గా అవే పని గంటలు. ఒంట్లో ఏ బాధా లేనివాడిని, బీపీ చూపించుకోవడానికి ఒక రోజు కూలి వదులుకోమంటే ఎందుకు వదులుకుంటాడు? అందుకే దవాఖానా బెంచీల మీద పిల్లల తల్లులు, ముసలివాళ్లు కనిపించినంతగా నలభై ఏళ్ల మేస్త్రీలు, ఆటోడ్రైవర్లు కనిపించరు. ఆదివారం ఇంటి పక్కనే అంటే మాత్రం వాళ్లూ వస్తారు.

వచ్చాక జరిగేదేమిటో చూడండి. అరగంట లైన్లో నిలబడి, పక్కవాడితో కబుర్లాడుతూ వచ్చిన మనిషి కుర్చీలో కూర్చోగానే చొక్కా చెయ్యి బిగుతుగా పైకి మడిచి పట్టీ చుట్టేస్తారు. మైకులో పేర్లు పిలుస్తూనే ఉంటారు. 158/96 అని వస్తుంది. ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, రెండుసార్లు చూస్తే తప్ప ఆ అంకెను నమ్మడానికి లేదు. షుగర్ సంగతీ అంతే. బయట బండి దగ్గర టీ తాగొచ్చి వేలు చాపితే 190 వస్తుంది. దాన్నిబట్టి జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. పరగడుపున 126, లేదంటే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.5, ఆ పైన ఉంటే షుగర్ అంటారు. లక్షణాలేవీ లేకపోతే దాన్నీ రెండోసారి చూసే ఖాయం చేస్తారు. క్యాంప్‌లో అంత తీరిక ఎవరికుంది? చీటీ మీద ‘డాక్టర్‌ను కలవండి’ అని రాసి పంపేస్తారు. ఆ చీటీ చొక్కా జేబులోనే ఉతుకులో పోతుంది.

నిజానికి జబ్బును కనిపెట్టడం అంత గొప్ప పనేం కాదు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ, 11.4 శాతం మందికి షుగర్ ఉన్నాయి. పట్టణాల్లో ఇంకా ఎక్కువే. హాల్లో వందమందిని కూర్చోబెడితే బీపీ ఉన్నవాళ్లు ఎలాగూ దొరుకుతారు. వచ్చే నెల వాళ్లకు గోళీలు ఎవరిస్తారన్నదే అసలు పేచీ.

ఈ లెక్కలో దవాఖానాదే పైచేయి. 2018 ఏప్రిల్‌లో మొదలైన ఈ కేంద్రాల్లో డాక్టర్, నర్సు, మందులు ఒకేచోట ఉంటాయి. రక్తం అక్కడే తీసి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఉన్న సర్కారు ల్యాబ్ టీ-డయాగ్నస్టిక్స్‌కు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. మొదట్లో 57 రకాల పరీక్షలుండేవి, 2023లో 134కు పెంచారు. లోపాలు లేవని కాదు. ఒక్కోసారి మందులు అయిపోతాయి, రాసిచ్చిన నంబర్ పాతదైతే రిపోర్టు ఎవరికో పోతుంది. అయినా అడగడానికి అదే గది, అదే నర్సు ఉంటారు. క్యాంప్ డాక్టర్‌ను సోమవారం ఎక్కడని వెతుకుతాం?

ఆడవాళ్ల పరీక్షల విషయంలోనైతే పోటీయే లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు తెర, బల్ల, చేయి తిరిగిన ఆడ సిబ్బంది కావాలి. కమ్యూనిటీ హాల్లో అది కుదిరే పని కాదు. 2023 మార్చి 8న మొదలైన తెలంగాణ సర్కారు పథకం ‘ఆరోగ్య మహిళ’లో ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించారు. ముప్పై దాటినవాళ్లు ఐదేళ్లకోసారి చేయించుకోవాల్సిన పరీక్ష ఇది.

కంటి పరీక్షకు మాత్రం క్యాంపే మేలు. 2018 ఆగస్టు 15న మొదలైన తెలంగాణ సర్కారు కంటి శిబిరాల పథకం ‘కంటి వెలుగు’లో చూపు పరీక్షించి దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. సూదిలో దారం ఎక్కించలేని టైలరమ్మకు ఆ పూటే పని జరిగిపోతుంది. నోటి క్యాన్సర్ ఆనవాళ్ల కోసం గుట్కా నమిలేవాళ్ల నోరు టార్చి వేసి చూడటం కూడా రెండు నిమిషాల పనే, కానీ చాలా క్యాంపుల్లో దాని ఊసే ఉండదు. ఇక ఆఫర్‌లో వచ్చే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలంటారా, పేజీల నిండా అంకెలు, వాటిలో రెండు మూడు ఎర్రగా, ఎవరినడగాలో తెలియని టెన్షన్. బస్తీకి అవి వద్దు.

నన్నడిగితే చందా డబ్బుతో చేతికి పట్టీ కట్టే మంచి డిజిటల్ బీపీ మిషన్ ఒకటి, రిజిస్టర్ ఒకటి కొనండి. ఆదివారం పొద్దున్నే, టీ బండి తెరవకముందే ఆశా వర్కర్‌ను కూర్చోబెట్టండి. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు చూసే ఫారం నింపడం ఎలాగూ ఆమె పనిలో భాగమే. అంకె ఎక్కువ వచ్చినవాళ్లను అసోసియేషన్ కుర్రాడే దవాఖానాకు వెంటబెట్టుకుపోవాలి, నెల తర్వాత ఫోన్ చేసి గోళీలు వేసుకుంటున్నారా అని అడగాలి. తమిళనాడులో 2021 నుంచి ‘మక్కళై తేడి మరుత్తువం’ (జనం దగ్గరికే వైద్యం) పథకం కింద బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిస్తున్నారు. మన దగ్గర అంతదాకా వచ్చేలోపు ఈ కుర్రాడి ఫోనే దిక్కు.

క్యాంప్ పెట్టే తీరాలంటే, వచ్చే ఆస్పత్రివాళ్లను ముందే ఒక మాట అడగండి: బీపీ ఎక్కువ వచ్చినవాళ్లను ఎక్కడికి పంపుతారు? ‘మా ఆస్పత్రికే’ అంటే ఫ్లెక్సీ, షామియానా ఖర్చు కూడా వాళ్లనే పెట్టుకోమనండి.