మెట్రోలో వాక్యధ్యానానికి యూవెర్షన్ బైబిల్ యాప్

నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే ఉద్యోగికి ఇంట్లో దొరకని తీరిక రైల్లో దొరుకుతుంది. దానికి ఈ యాప్ చక్కగా సరిపోతుంది. ఉచితం, ప్రకటనలు ఉండవు, తెలుగు బైబిలు ఉంది.

యాప్‌లో ఏ పఠన ప్రణాళిక ఎంచుకుంటారన్నదే అసలు సంగతి. ఏడాదిలో బైబిలంతా అంటే 1,189 అధ్యాయాలు, రోజుకు మూడో నాలుగో. జనవరి 1న మొదలుపెడితే నెలాఖరుకే బైబిలు మూడో పుస్తకమైన లేవీయకాండములోని బలుల విధులు ఎదురవుతాయి. అప్పుడు నాలుగు రోజులు తప్పితే పన్నెండు అధ్యాయాలకు పైగా బాకీ పడుతుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధన 260 అధ్యాయాలే: వారానికి ఐదు పనిదినాలు, రోజుకొకటి, సరిగ్గా 52 వారాలు. మేం చెప్పేది ఇదే. తప్పినవి శనివారం చదువుకోవచ్చు. పాత నిబంధనలోని కీర్తనలు కూడా చదివేవారు 119వ కీర్తనను మాత్రం ఒకే రోజు ముగించాలనుకోకండి. 176 వచనాలు ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, రోజుకొకటి చాలు.

రిమైండర్ నిద్రలేచే వేళకు కాదు, స్టేషన్ చేరే వేళకు పెట్టండి. వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. అమీర్‌పేట తోపులాటలో చదవడం కుదరదు, ఆలోపే అధ్యాయం ముగించి మిగతా దారి ప్రార్థనకు ఉంచుకోండి. యాప్‌లోని వచనాల బొమ్మలు అందంగానే ఉంటాయి, కానీ స్టేటస్‌లో పెట్టినంత మాత్రాన ధ్యానం అయిపోయినట్టు కాదు.