రివరాక్సబాన్ నుంచి వార్ఫరిన్‌కు: రెండు మాత్రలు, ఒక సూది, ఒక మీటరు

రక్తం గడ్డకట్టకుండా ఆపే రెండు మాత్రలకు, వాడకంలోని సుఖాన్ని మాత్రమే చూసి మార్కులు వేయమంటే రివరాక్సబాన్‌కు 5కు 4, వార్ఫరిన్‌కు 5కు 2 వేస్తాను. అయినా నాలుగేళ్లుగా రోజూ రాత్రి నేను వేసుకుంటున్నది వార్ఫరినే, మళ్లీ ఎంచుకోమన్నా దాన్నే ఎంచుకుంటాను. నా రక్తం అసలు ఎందుకు గడ్డకడుతోందన్న ప్రశ్నకు జవాబు దొరికాకే, ఏ మాత్ర మేలన్న ప్రశ్నకు అర్థం ఉంటుందని నాకు 14 నెలలు ఆలస్యంగా తెలిసింది. ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ ఆలస్యమే.

ముందుగా ఒక మాట. వీటిని రక్తం పలుచన చేసే మందులని అందరమూ అంటాం, వైద్యులూ అంటారు, కానీ వీటిలో ఏదీ రక్తాన్ని నీళ్లలా పలుచన చేయదు. గడ్డకట్టడమన్నది ఒకదాని తర్వాత ఒకటి మేల్కొనే ప్రొటీన్ల వరుస. ఆ వరుసలో ఎక్కడ అడ్డుపడుతుందన్నదే ఒక మందుకూ మరో మందుకూ ఉన్న తేడా. వార్ఫరిన్ కాలేయంలో విటమిన్ కె మళ్లీ వినియోగంలోకి రాకుండా ఆపి, ఆ వరుసలో 2, 7, 9, 10 అనే అంకెలున్న నాలుగు ప్రొటీన్లు (వీటినే కారకాలంటారు) సరిగ్గా తయారు కాకుండా చేస్తుంది. రివరాక్సబాన్, ఎపిక్సబాన్, ఎడాక్సబాన్ క్రియాశీలమైన 10వ కారకాన్ని నేరుగా పట్టుకుంటాయి. డాబిగాట్రాన్ ఆ వరుసలో చివర గడ్డను కట్టించే త్రాంబిన్‌ను పట్టుకుంటుంది. ఉన్న గడ్డను ఇవేవీ కరిగించవు. అది పెరగకుండా, కొత్తది పుట్టకుండా చూస్తాయి. కరిగించే పనిని శరీరం మెల్లగా తానే చేసుకుంటుంది. ఈ సంగతి తెలియక, మాత్రలు వేసుకుంటున్నా వాపు తీయడం లేదేమిటని మొదటి నెలంతా పిక్కను రోజూ టేపుతో కొలుచుకుంటూ కూర్చున్నాను.

ఎడమ పిక్కలోని లోతు సిరలో గడ్డ ఉందని స్కానింగ్‌లో తేలిన రోజునే రివరాక్సబాన్ మొదలుపెట్టారు. మొదటి 21 రోజులు 15 మి.గ్రా. చొప్పున రోజుకు 2 సార్లు, ఆ తర్వాత 20 మి.గ్రా. రోజుకు ఒక్కసారి. సూదులు లేవు, వారం వారం రక్తపరీక్షలు లేవు, ఆకుకూరల లెక్కలు లేవు. ఉన్న షరతు ఒక్కటే: 15, 20 మి.గ్రా. మాత్రలను భోజనంతో పాటు వేసుకోవాలి, ఎందుకంటే ఖాళీ కడుపుతో వేసుకుంటే 20 మి.గ్రా.లో దాదాపు మూడింట రెండు వంతులే రక్తంలోకి చేరుతుంది. ఈ మాట మందుతో వచ్చే కాగితంలో ఉంది గానీ, మందు చేతికిచ్చిన కౌంటరులో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. రెండు వారాల పాటు, గడ్డ ప్రమాదం అన్నింటికంటే ఎక్కువగా ఉన్న రోజుల్లో, ఉదయం మాత్రను పరగడుపునే మింగాను.

ఈ మాత్రకు నేను ఒక మార్కు తగ్గించడానికి కారణం మరొకటి ఉంది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా రాయరు. నెలసరి వచ్చే స్త్రీలలో రివరాక్సబాన్ రక్తస్రావాన్ని బాగా పెంచవచ్చు. నాకు నాలుగు రోజుల్లో ముగిసేది తొమ్మిది రోజులకు సాగింది, ఇనుము తగ్గింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. ఆ ఆయాసాన్ని ఊపిరితిత్తుల్లో గడ్డ అనుకుని ఒక రాత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తాను. అది రక్తహీనత మాత్రమే. ఇదే కోవలోని ఎపిక్సబాన్‌తో ఈ ఇబ్బంది తక్కువని ఆ తర్వాత తెలిసింది. మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అసలు మలుపు 14వ నెలలో వచ్చింది. ప్రయాణం గానీ శస్త్రచికిత్స గానీ లేకుండా, చిన్న వయసులో గడ్డ రావడాన్ని చూసి రక్తవ్యాధుల నిపుణురాలు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే శరీరం తన మీదే తయారుచేసుకున్న ప్రతిరోధకాల వల్ల రక్తం గడ్డకట్టే జబ్బు, ఉందేమో చూసే పరీక్షలు రాశారు. ఇవి మూడు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రొటీన్-1. శరీరం తన కణాల పొరలకు, వాటికి అంటుకునే ప్రొటీన్లకు విరోధంగా తయారుచేసే ప్రతిరోధకాలను ఇవి వెదుకుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వీటిలో మొదటిదైన లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షను రివరాక్సబాన్ తప్పుదారి పట్టించగలదు. జబ్బు లేకపోయినా ఉన్నట్టు చూపగలదు. మొదట వెళ్లిన ల్యాబులో నేను ఏ మందు వాడుతున్నానో అడిగినవారు లేరు, నివేదికలో ఆ ప్రస్తావనా లేదు. నిపుణురాలు ఆ కాగితాన్ని పక్కన పెట్టి, మందు ప్రభావం అతి తక్కువగా ఉండే వేళ, అంటే తర్వాతి మాత్రకు కాస్త ముందు, మళ్లీ రక్తం తీయించారు. 12 వారాలు ఆగి మూడింటినీ ఇంకోసారి చేయించారు. మిగతా రెండు ప్రతిరోధకాల పరీక్షలకు మందుతో పేచీ లేదు. రెండుసార్లూ మూడూ పాజిటివ్‌గా వచ్చాయి, అంటే ఈ జబ్బు నాకు ఉన్నట్టే.

మూడూ పాజిటివ్‌గా ఉన్నవారి విషయంలో నాకు ముందు తెలియనిది 2018లో ప్రచురితమైన ట్రాప్స్ అనే ఇటలీ పరిశోధన. 120 మందిని రెండు వర్గాలుగా విడదీసి ఒక వర్గానికి రివరాక్సబాన్, రెండో వర్గానికి వార్ఫరిన్ ఇచ్చారు. రివరాక్సబాన్ వర్గంలో నలుగురికి మెదడు పోటు, ముగ్గురికి గుండెపోటు వచ్చాయి. వార్ఫరిన్ వర్గంలో ఒక్కరికీ రాలేదు. పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2019లో యూరప్ ఔషధ సంస్థ కూడా ఈ జబ్బు ఉన్నవారికి, ముఖ్యంగా మూడూ పాజిటివ్ అయినవారికి, ఈ కోవ మాత్రలు తగవని హెచ్చరించింది. ఆ పరిశోధనలో మెదడు పోటు, గుండెపోటు తెచ్చినవి సిరల్లో వచ్చే గడ్డలు కావు, ధమనుల్లో వచ్చినవి. అంటే కాలి గడ్డ మళ్లీ రాలేదు కదా అని నేను పొందుతున్న ఊరట తప్పు చోట పెట్టుకున్న ఊరట. ఇది చదివాక సౌకర్యానికి నేను వేసిన మార్కులన్నీ పక్కకు వెళ్లిపోయాయి.

ఇందుకు ఎదురుగా ఉన్న మాట కూడా చెప్పాలి, లేకపోతే ఈ సమీక్ష అన్యాయం అవుతుంది. 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గుర్తించి ఆ ఊరి పేరే పెట్టిన ఫ్యాక్టర్ 5 లైడెన్ వంటి, గడ్డల ముప్పును పెంచే జన్యు లోపం తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చి, సిరలో గడ్డ కట్టినవారికి, లేదా కారణం ఏదీ దొరకని సిర గడ్డ వచ్చినవారికి సాధారణంగా ఎపిక్సబాన్, రివరాక్సబాన్ వంటివే మొదటి ఎంపిక, అది న్యాయమే. ఎపిక్సబాన్‌ను మొదటి 7 రోజులు 10 మి.గ్రా. చొప్పున, తర్వాత 5 మి.గ్రా. చొప్పున రోజుకు 2 సార్లు వేసుకోవాలి. 6 నెలలు దాటాక అనుకూలమైన రోగులకు 2.5 మి.గ్రా.కు తగ్గించే వీలుంది. ఇది తిండితో ముడిపడదు, మూత్రపిండాల మీద ఆధారపడేదీ తక్కువ. డాబిగాట్రాన్ మాత్రం దాదాపు 80 శాతం మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. దాని క్యాప్సూల్‌ను విప్పకూడదు, తేమ తగలకుండా కొనుక్కున్న డబ్బాలోనే ఉంచాలి, అంటే నాలాగా వారం గడుల పెట్టెలో సర్దుకునే అలవాటున్నవారికి పనికిరాదు. ఈ మాత్రలన్నింటికీ ఒకటే బలహీనత: ఒక పూట మరిచిపోతే రక్షణ అదే రోజు పలుచబడుతుంది.

మందు మారే రోజుల్లో సూదులు తప్పలేదు. వార్ఫరిన్ పని అందుకోవడానికి కనీసం 5 రోజులు పడుతుంది. అంతేకాక అది గడ్డకట్టించే కారకాలతో పాటు గడ్డను అదుపులో ఉంచే ప్రొటీన్ సిని కూడా తగ్గిస్తుంది, పైగా ముందుగా తగ్గేవాటిలో అదొకటి. అందువల్ల మొదటి రోజుల్లో ఒంటరిగా వార్ఫరిన్ వేసుకుంటే గడ్డ ప్రమాదం పెరగవచ్చు. నాకు ఒంటి బరువు కిలోకు 1 మి.గ్రా. చొప్పున, హెపారిన్ రకానికి చెందిన ఎనాక్సపారిన్ సూదిని రోజుకు 2 సార్లు, 8 రోజుల పాటు ఇచ్చారు. ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చూపే అంకె, 2 దాటి 24 గంటలు నిలిచాకే ఆపారు. బొడ్డుకు రెండంగుళాల దూరంలో చర్మాన్ని మడతపట్టి, సూదిని నిటారుగా దించి, సిరంజిలో కనిపించే గాలి బుడగను బయటికి తోయకుండా మందును మెల్లగా ఎక్కించాలి, తర్వాత రుద్దకూడదు. నేను మూడో రోజు రుద్దాను, నాలుగో రోజుకు అరచేతంత నల్లటి కమిలిన మచ్చ వచ్చింది. మంట పది నిమిషాల్లో పోతుంది, మచ్చ మాత్రం వారాలు ఉంటుంది. వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదు, కొత్త మాత్రలూ ఆ దశలో వాడరు, హెపారిన్ మావిని దాటదు. కాబట్టి గర్భం ధరించాలనుకునేవారు ముందే వైద్యులతో మాట్లాడుకుని ఈ సూదులకు మారాల్సి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడవచ్చు కనుక జీవితాంతం వాడే మార్గంగా నేను దీన్ని చూడను.

ఇక వార్ఫరిన్. 1920లలో ఉత్తర అమెరికాలో పాడైన తీపి క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోవడం వెనుక కారణాన్ని వెదికే పనిలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం కనుగొన్న పదార్థాల వంశమిది. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషులకు మందైంది. ఎలుకల మందు అని ఎవరైనా వెక్కిరిస్తే నాకిప్పుడు కోపం రాదు. నా మోతాదు వారంలో 5 రోజులు 5 మి.గ్రా., 2 రోజులు 6 మి.గ్రా., మొత్తం 37 మి.గ్రా. ఈ మొత్తంలో కాస్త మార్పు కూడా ఐఎన్‌ఆర్‌ను కదిలిస్తుంది, దాని ఫలితం కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. నా లక్ష్యం 2 నుంచి 3. మాత్ర రంగును నమ్మకండి: అమెరికాలో గులాబీ రంగు 1 మి.గ్రా.ది, బ్రిటన్‌లో అదే గులాబీ 5 మి.గ్రా.ది. ప్రయాణాల్లో నేను అంకె చదివి మరీ వేసుకుంటాను.

ఆకుకూరలు మానాలని చాలామంది చెబుతారు, అది తప్పు సలహా. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె రోజూ ఒకే తీరున అందితే మోతాదు దానికి తగ్గట్టు కుదురుకుంటుంది. ఒక వారం మాని మరుసటి వారం గిన్నెడు తింటేనే తంటా. నాకు దెబ్బ తగిలింది తిండి వల్ల కాదు. పంటి చీముకు వేరే వైద్యుడు మెట్రోనిడాజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు, వార్ఫరిన్ సంగతి చీటీలో ఉన్నా చూడలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఆరో రోజు పళ్లు తోముతుంటే వాష్ బేసిన్ ఎర్రబడింది, ఐఎన్‌ఆర్ 5.8. రెండు పూటలు మాత్ర ఆపి, మూడో రోజు మళ్లీ పరీక్షించి గట్టెక్కాను. కో-ట్రైమాక్సజోల్, ఫ్లుకోనజోల్, అమియోడరోన్ అనే మందులు కూడా ఇలాగే ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి. రిఫాంపిసిన్ ఎదురు పని చేసి ఐఎన్‌ఆర్‌ను దించుతుంది. మేలేమిటంటే, ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావానికి విటమిన్ కె, గడ్డకట్టే కారకాల మిశ్రమం విరుగుడుగా చాలా కాలంగా పరిచయమైనవే.

మిగిలింది మీటరు. వేలి చివర పొడిచి చుక్క రక్తంతో ఐఎన్‌ఆర్ చూపే ఈ పరికరం ఆసుపత్రి వరుసల నుంచి విడుదల చేస్తుందని ఎంతో ఆశపడ్డాను. పరికరం మంచిదే: చేతిని గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేలిని పిండకుండా మొదటి చుక్కనే పట్టీకి తాకిస్తే నిమిషంలో అంకె వస్తుంది. కానీ లూపస్ యాంటీకోయాగ్యులెంట్ ఉన్నవారి రక్తంలో ఈ పట్టీ అంకెను ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చు, అందువల్ల ఎక్కువ ఉందని మోతాదు తగ్గిస్తే నిజానికి రక్షణ తగ్గిపోతుంది. కొన్న రోజున అమ్మినవారు ఈ మాట చెప్పలేదు. మిగతా జబ్బుల వారికి నేను దీనికి 5కు 4 ఇస్తాను, నాకు మాత్రం 5కు 2. రెండు నెలలకోసారి చేతి సిర నుంచి ల్యాబులో తీయించుకుని రెంటినీ పోల్చుకుంటాను. మీటరు చూపిన 3.4ను నా చిన్న పుస్తకంలో పెన్సిలుతో, అదే ఉదయం ల్యాబు ఇచ్చిన 2.7ను పెన్నుతో రాసుకున్నాను; మోతాదు మార్చాలో వద్దో నిపుణురాలు తేల్చేది పెన్నుతో ఉన్న అంకెను చూసే.