నవజీవన్ ఎక్కి నాన్‌ఖటాయి ఊరికి

మా చిన్నాయన సూరత్ నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మకి ఒక చీర, పిల్లలకి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చేవాడు. మూత తియ్యగానే నెయ్యి, ఏలకుల వాసన ఇల్లంతా పరుచుకునేది. ఆయన వాటిని నాన్‌ఖటాయి అనేవాడు, మేము సూరత్ బిస్కెట్లు అనేవాళ్లం. మరమగ్గాల పని కోసం వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి సూరత్ వెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మా చిన్నాయనది అందులో ఒకటి. నలభై దాటాక, మొన్న డిసెంబర్‌లో, ఆ డబ్బా పుట్టిన ఊరు చూడాలని బయల్దేరాను.

మన వైపు వాళ్లకి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ మంచి దారి. చెన్నై నుంచి విజయవాడ, వరంగల్ మీదుగా సూరత్, అహ్మదాబాద్ వెళ్తుంది. వరంగల్‌లో రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక సూరత్‌లో దిగొచ్చు. స్లీపర్‌లో చలికి దుప్పటి తప్పనిసరి. తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి.

చిన్నాయన వాళ్లది చిన్న ఇల్లు, అందుకని లాడ్జిలో దిగాను. స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఫోన్ చేసినప్పుడు ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు అన్నారు. తీరా పొద్దున అడిగితే గీజర్ పాడైందన్నారు. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్క బిల్డింగ్ గోడ. రెండో రోజు రింగ్ రోడ్డు వైపు, బట్టల కొనుగోలుకొచ్చే వ్యాపారులు దిగే లాడ్జికి మారాను. అద్దె కొంచెం ఎక్కువే, కానీ దుప్పట్లు ఉతికినవి, నీళ్లు వేడివి. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే వ్యాపారిని పోగొట్టుకోవడం వాళ్లకి ఇష్టం ఉండదు కదా. సూరత్ వెళ్లేవాళ్లు అలాంటి చోటే వెతుక్కోండి.

ఇక అసలు సంగతి. నాన్‌పురాలో మక్కాయి పుల్ దగ్గర ఉంది దోటీవాలా బేకరీ. 1861 నాటి పార్సీ కుటుంబ బేకరీ, ఇప్పటికీ ఆ వంశం వాళ్ల చేతుల్లోనే ఉంది. దగ్గర్లోనే తాపీ నది ఒడ్డున డచ్ గార్డెన్ ఉంది. ఆ పేరులోనే సగం కథ ఉంది. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దం మొదట్లో సూరత్‌లో వ్యాపారం పెట్టారు. అంతకు ముందే, 1605లోనే, మన మచిలీపట్నంలో దిగినవాళ్లు వాళ్లే. సూరత్‌లోని డచ్చివాళ్ల కోసం రొట్టెలు కాల్చే ఒక బేకరీలో కొందరు పార్సీలు పనిచేసేవారట. దొరలు వెళ్లిపోతూ దాన్ని ఫరాంజీ పెస్తోన్జీ దోటీవాలా అనే పనివాడికి అప్పగించారని ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ.

బేకరీ అయితే చేతికొచ్చింది, రొట్టె కొనే దొరలే లేకుండా పోయారు. ఊళ్లోవాళ్లు ఆ రొట్టె ముట్టరు, ఎందుకంటే పిండి పొంగడానికి అందులో కలిపేది కల్లు. ఈ ముక్క చదివి మన తెలంగాణ వాళ్లకి ఆశ్చర్యం కలగదు. తెల్లారి దించిన తాటికల్లు మధ్యాహ్నానికి ఎలా నురగలు కక్కుతుందో మనకి తెలుసు. ఈస్ట్ ప్యాకెట్లు లేని రోజుల్లో ఆ నురగే పిండిని లేపేది. అమ్ముడుపోని రొట్టెలు ఎండి గలగలలాడేవి. వాటిని చవగ్గా అమ్మితే జనం చాయ్‌లో ముంచుకుని తినడం మొదలుపెట్టారు, అరుగుదలకి మంచిదని పేరొచ్చింది. చివరికి ఎండిన రొట్టె కావాలనే జనం రావడంతో ఆయన కావాలనే ఎండబెట్టి అమ్మాడట. మనకి బతాసా అంటే చక్కెర బిళ్ల. సూరత్‌లో మాత్రం ఆ కరకరలాడే ఉప్పుప్పటి బిస్కెట్టునే బతాసా అంటారు.

నాన్‌ఖటాయి కూడా ఆ పొయ్యి నుంచే వచ్చిందని అక్కడి మాట. నాన్ అంటే పర్షియన్ భాషలో రొట్టె. మొదట్లో అందులో గుడ్డు, కల్లు కూడా పడేవట. శాకాహారులైన గుజరాతీల కోసం అవి రెండూ పోయి, నెయ్యి, పంచదార, పిండి మిగిలాయి. నష్టంలో ఉన్న మనిషి ఊరి నోటికి తగ్గట్టు ఒక్కో దినుసూ మార్చుకుంటూ పోయాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది అదే.

అరకిలో తూకం వేయించుకుని బయట నిలబడి ఒకటి విరిచాను. పైన పగుళ్లు, లేత గోధుమ రంగు. ఆ పగులు వెంబడే రెండయింది. పట్టుకున్న కాగితం మీద నెయ్యి దిగి రూపాయి బిళ్లంత మేర అద్దంలా మెరిసింది. నాలుక మీద పెడితే నమలక్కర్లేదు, ముందు ఇసుకలా రాలి తర్వాత కరిగిపోయింది. నాకు మా ఇంటి వసారా గుర్తొచ్చింది, కళ్లు చెమర్చాయి. అంతకు ముందు రోజు స్టేషన్ బయట ఒక బండి మీద కొన్నది దీని పక్కన పెట్టడానికి లేదు. అది డాల్డాది, నోట్లో పై అంగిలికి మైనంలా అంటుకుంది. తేడా తెలుసుకోవాలంటే తిన్నాక నాలుకతో అంగిలి తడిమి చూసుకోండి, చాలు.

మధ్యలో కతార్‌గామ్ దగ్గర డచ్, ఇంగ్లీషు సమాధులు కూడా చూశాను. 1691లో పోయిన వాన్ రీడ్ అనే డచ్ అధికారి సమాధి పెద్ద గుమ్మటంతో చిన్నపాటి కోటలా ఉంది. చరిత్ర మీద ఇష్టం ఉంటే గంట కేటాయించొచ్చు, లేకపోతే వదిలేసినా ఫర్వాలేదు.

సాయంత్రం లింబాయత్‌లో చిన్నాయన ఇంటికి వెళ్లాను. ఆ గల్లీల్లో తెలుగు వినిపిస్తుంటే మన ఊళ్లోనే ఉన్నట్టుంది. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుంది. చిన్నమ్మ చాయ్ ఇచ్చింది, పక్కన జీలకర్ర వేసిన జీరా బటర్ బిస్కెట్లు పెట్టింది. చిన్నాయన నాకు ముంచడం నేర్పాడు. "మూడు లెక్కవెట్టేలోపు తియ్యాలె బిడ్డా, లేకుంటే గిలాసల పడి మునుగుతది." నేను నాన్‌ఖటాయి ముంచబోతే చెయ్యి పట్టుకున్నాడు. దాన్ని ఉత్తదే తినాలట. నైట్ షిఫ్ట్ దిగి వచ్చే మగ్గం పనివాళ్లకి ఆ రెండు బిస్కెట్లు, చాయ్ పొద్దుటి టిఫిన్ అని చెప్పాడు. మాకు తెచ్చే డబ్బా కోసం ఆయన జీతం రాగానే నాన్‌పురా వెళ్లేవాడని నాకు అప్పుడే తెలిసింది.

కొనేవాళ్లకి ఒక మాట. జీరా బటర్ సంచిలో ఎలా పడేసినా ఇల్లు చేరుతుంది. నాన్‌ఖటాయి చేరదు. అట్టపెట్టెలో కాకుండా స్టీలు డబ్బాలో, పొరకి పొరకి మధ్య కాగితం పెట్టి తెచ్చుకోండి. నేను డబ్బాని ఒళ్లో పెట్టుకుని వచ్చినా పావు వంతు విరిగాయి. నాయనమ్మకి పళ్లు లేవు. డబ్బా అడుగున చేరిన పొడినంతా గ్లాసు పాలల్లో వంపుకుని తాగి, "సూరత్ బిస్కెట్లే" అంది.