డైపరా, చెడ్డీయా, పాటీ కుర్చీయా: ఏది మేలు?

“ఇంకా డైపరేనా తల్లీ?” అని పెద్దవాళ్లు అడుగుతారు. “ఇప్పుడే మాన్పించకు, పిల్లాడు బెదిరిపోతాడు” అని తోటి తల్లులు చెప్తారు. ఈలోగా ఏడాదిన్నర బుజ్జిగాడు సోఫా వెనక నక్కి, ముఖం ఎర్రగా చేసుకుని, తన పని తాను కానిచ్చేస్తుంటాడు.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చాక పగలు ఇంట్లో మామూలు నూలు చెడ్డీ, పక్కనే నేల మీద పాటీ కుర్చీ, రాత్రికీ ప్రయాణాలకీ డైపరు. చాలా ఇళ్లలో నడిచేది ఇదే. అయితే వీటిలో దేని మీద ఎక్కువ భారం వెయ్యాలన్నది పిల్లాడి వయసు కంటే, పగలంతా వాడి దగ్గర ఎవరుంటారన్న దాన్ని బట్టే తేలుతుంది.

అమ్మమ్మల పద్ధతి

మన ఇళ్లలో ఒంటికీ రెంటికీ కూర్చోబెట్టే అలవాటు పుట్టిన మూడో నెలో నాలుగో నెలో మొదలయ్యేది. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పాపని రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని, వీపు తన కాళ్లకి ఆనిస్తుంది. కింద పాత పేపరు ముక్క. నోటితో “స్... స్...” అంటూ ఉంటుంది. నిద్ర లేవగానే ఒకసారి, పాలు తాగిన పావుగంటకి ఇంకోసారి. ఆ పావుగంట లెక్క వెనక ఒంటి తీరు ఉంది. పొట్టలోకి ఆహారం పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది, చిన్నపిల్లల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు పొద్దున్నే వేళకి పాదాల మీద కూర్చోగానే కానిచ్చేసేవారు.

ఇదేదో మనకొక్కరికే తెలిసిన విద్య కూడా కాదు. తూర్పు ఆఫ్రికాలోని డిగో తెగ తల్లులు ఇలాగే పసికందుల్ని కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, నోటితో శబ్దం చేసి అలవాటు చేస్తారనీ, ఐదారు నెలలకే పిల్లలు చాలావరకు పొడిగా ఉంటారనీ 1977లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

దీనికి ఖర్చు లేదు. తొడలు ఒరుసుకోవు. పిల్లకి తడి అంటే ఏమిటో, పోసే ముందు కడుపులో ఎలా ఉంటుందో తెలుస్తూ పెరుగుతుంది. కానీ దీనికి ఒక మనిషి కావాలి, అదీ రోజంతా. పిల్ల ఆడుతూ ఆడుతూ ఒక్క క్షణం ఆగిపోయినా, వణికినట్టు కదిలినా కనిపెట్టి ఎత్తుకుని పరిగెత్తే మనిషి. నిజానికి మొదటి ఏడాదిలో అలవాటు పడేది పిల్ల కంటే ఆ పెద్దావిడే. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే మాత్రం వేరే ఆలోచన వద్దు, ఇదే మేలు. అత్తగారితో వాదించి డైపరు వేయించే కోడళ్లకి నా మాట నచ్చకపోవచ్చు.

పాత ఇంట్లో గచ్చు నేల, పెరట్లో దండెం, ఎండ, మొలతాడు తప్ప ఏమీ లేకుండా తిరిగే పిల్లాడు. ఇప్పుడు మూడో అంతస్తులో ఫ్లాటు, సోఫా, పరుపు, బాల్కనీలో రెండు తీగలు. పద్ధతి పాతబడలేదు గానీ దాని కింద ఉండే సదుపాయం పోయింది.

డైపరు

డైపరుని తిట్టడం తేలిక. తెల్లవారి ఐదింటి నుంచి ఆఫీసు ల్యాప్‌టాప్ దాకా ఒక్కచేత్తో నెట్టుకొచ్చే తల్లికి అది ఇచ్చే నిద్రకి వెల కట్టలేం. విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో ఐదారు గంటలు ఒళ్లో పిల్లని పెట్టుకుని కూర్చున్నవాళ్లెవరూ ప్రయాణానికి డైపరు వద్దనరు.

దాని లోపమూ దాని గుణంలోనే ఉంది. లోపల ఉండే సన్నటి గుళికలు తడిని పీల్చుకుని జెల్లీలా మారిపోతాయి. పైన పొర పొడిగానే ఉంటుంది. పిల్లాడికి పోశానన్న సంగతే తెలియదు. తెలియనప్పుడు చెప్పడు. రెండున్నరేళ్ల పిల్లాడు “అమ్మా, వస్తోంది” అనకపోతే మొండితనం అనుకుంటాం, చాలాసార్లు అది డైపరు చేసిన మంచి పనితనం.

ఖర్చు చూస్తే సైజుని బట్టి ఒక్కోటి పది పదిహేను రూపాయల మధ్య. రోజుకి ఐదు వేస్తే నెలకి పదిహేను వందల నుంచి రెండు వేల పైన. రాత్రికి ఒక్కటే అయితే మూడు నుంచి నాలుగున్నర వందలతో పోతుంది. మే నెలలో మన ఎండలకి పగలంతా డైపరులో ఉన్న పిల్లల తొడల మధ్య ఎర్రగా ఒరుసుకుపోవడం చూసే ఉంటారు. దానికి క్రీముల కంటే ముందు కావలసింది గాలి. కాసేపు ఏమీ లేకుండా వదిలేస్తే సగం తగ్గుతుంది.

ఇంకో మాట, చాలామందికి తెలియనిది. వాడిన డైపర్లని కూరగాయల తొక్కలతో కలిపి పడెయ్యకూడదు. ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారమే వాటిని విడిగా గట్టిగా చుట్టి ఇవ్వాలి. మలం ఉంటే ముందు దాన్ని కమోడ్‌లో దులిపేసి చుట్టండి. చెత్త బండి మీద ఆ సంచుల్ని చేతులతో విప్పి వేరు చేసేది మనిషేనని గుర్తుంటే చాలు.

“తొందర పెట్టకు, పిల్లాడే సిద్ధమవుతాడు” అనే మాట ఎక్కడిది? అమెరికాలో బ్రాజెల్టన్ అనే పిల్లల డాక్టరు తన దగ్గరికి వచ్చిన 1,170 మంది పిల్లల్ని గమనించి 1962లో ఒక వ్యాసం రాశాడు. బలవంతం లేకుండా, పిల్లల సంసిద్ధతని బట్టి వెళ్తే సగటున 28.5 నెలలకి పగటి అలవాటు వచ్చిందన్నాడు. ఇందులో బలవంతం వద్దన్న ముక్క బంగారం. అయితే సిద్ధమయ్యేదాకా ఆగమంటే మూడున్నరేళ్లు డైపరులోనే ఉంచమని కాదు. అదే డాక్టరు తర్వాతి కాలంలో పెద్ద సైజు డైపర్ల ప్రకటనలో కూడా కనిపించాడని తెలిస్తే ఆ సలహాని కాస్త చూసుకుని వాడుకుంటాం.

బట్ట డైపర్ల గురించి ఎక్కువ చెప్పను. బొమ్మల బొమ్మల గుడ్డతో చూడ్డానికి బావుంటాయి, లోపల మందపాటి ప్యాడ్‌లు. వానాకాలంలో రెండు రోజులైనా ఆరవు, పనమ్మాయి వాటిని ఉతకనంటుంది, ఆమె తప్పేమీ లేదు. పర్యావరణం మీద పట్టింపు, వాషింగ్ మెషీను, ఓపిక మూడూ ఉన్నవాళ్లకే అవి. అలవాటు నేర్పడానికైతే సంతలో దొరికే పల్చటి నూలు చెడ్డీ వాటికంటే మేలు, తడవగానే కాళ్ల వెంట కారుతుంది కాబట్టి పిల్లాడు ఆగి కిందకి చూస్తాడు. ఆ చూపుతోనే నేర్చుకోవడం మొదలవుతుంది.

పాటీ కుర్చీయా, కమోడ్ మీద సీటా?

పాటీ కుర్చీనే. ఇందులో నాకు సందేహం లేదు.

కమోడ్ మీద బిగించే చిన్న సీటు చోటు ఆదా చేస్తుంది, కడిగే పని ఉండదు. కానీ దాని మీద కూర్చున్న రెండేళ్ల పిల్లాడి కాళ్లు గాల్లో వేలాడతాయి. పడిపోతానేమోనని రెండు చేతులతో అంచుల్ని పట్టుకుని ఒళ్లంతా బిగుసుకుంటాడు. ఒళ్లు బిగిస్తే కింది కండరమూ బిగుస్తుంది, ఇక వచ్చేది కూడా రాదు. అదే నేల మీది కుర్చీలో పాదాలు నేలకి గట్టిగా ఆనుతాయి, మోకాళ్లు కాస్త పైకి లేస్తాయి, దాదాపు గొంతుక్కూర్చున్నట్టే. అలా కూర్చున్నప్పుడు మలద్వారం దగ్గర పేగుకి ఉండే వంపు సర్దుకుని దారి సులువవుతుంది. కమోడ్ సీటే వాడతామంటే కాళ్ల కింద ఎత్తుపీట తప్పకుండా పెట్టండి. ఫ్లష్ శబ్దానికి భయపడే పిల్లలుంటారు, వాళ్లు దిగి బయటికి వెళ్లాకే నొక్కండి.

పాటలు పాడే పాటీలు, లైట్లు వెలిగే పాటీలు కూడా అమ్ముతున్నారు. పిల్లాడు దాన్ని తెచ్చుకుని హాల్లో బొమ్మగా ఆడుకుంటాడు. మూడు నాలుగు వందల సాదా ప్లాస్టిక్‌ది చాలు, గిన్నె విడిగా బయటికి వచ్చేదయితే కడగడం తేలిక.

బాత్రూంలో జాలీ దగ్గర నిలబెట్టి పోయించడం మన ఇళ్లలో మామూలే. ఒంటికి అయితే ఇబ్బంది లేదు, రెంటికి మాత్రం కుర్చీ అలవాటు వేరేగా చెయ్యాలి. మగపిల్లలకి కూడా ముందు కూర్చోవడమే నేర్పండి. ఒంటికని కూర్చుంటే రెండోదీ అక్కడే అయిపోయే అవకాశం ఉంది. కడిగేటప్పుడు జెట్ స్ప్రే కొట్టకండి, చలికాలం పొద్దున చల్లటి నీళ్ల దెబ్బకి మర్నాడు బాత్రూం వైపే రాడు. మగ్గులో గోరువెచ్చటి నీళ్లు మేలు. ఆడపిల్లల్ని ముందు నుంచి వెనక్కే కడగాలి, లేకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది.

ఎప్పుడు?

క్యాలెండరు కంటే పిల్లాణ్ణి చూడటం నయం. రెండు గంటలైనా పొడిగా ఉంటున్నాడా, చెడ్డీ తనే కిందకి లాక్కోగలడా, చిన్న మాట చెప్తే అర్థం చేసుకుని చేస్తున్నాడా? ముందు చెప్పిన ఆ సోఫా వెనక నక్కడం ఉందే, అది మంచి గుర్తు. వస్తోందని వాడికి ముందే తెలుస్తోంది, చాటు కూడా కావాలనుకుంటున్నాడు. ఇవన్నీ చాలామందిలో ఏడాదిన్నరకీ మూడేళ్లకీ మధ్య కనిపిస్తాయి.

మన దగ్గర బళ్లు జూన్‌లో మొదలవుతాయి. ప్లే స్కూళ్లు చాలా చోట్ల “బాత్రూం అలవాటైందా?” అని అడిగే చేర్చుకుంటాయి. కాబట్టి మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో మొదలుపెట్టడం తెలివైన పని. చెడ్డీలు గంటలో ఆరిపోతాయి, పిల్లాడు ఉత్తి మొలతో తిరిగినా జలుబు చెయ్యదు. ఇంట్లో రెండో బిడ్డ పుట్టిన నెలలోనో, ఇల్లు మారిన వారంలోనో మాత్రం మొదలుపెట్టకండి. అప్పటికే నేర్చుకున్న పిల్లలు కూడా అలాంటప్పుడు మళ్లీ తడిపేస్తారు, కొన్నాళ్లకి సర్దుకుంటుంది.

అన్నిటికంటే గట్టిగా అడ్డుపడేది మలబద్ధకం. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టిందంటే పిల్లాడు ఆపుకోవడం మొదలుపెడతాడు. కాళ్లు మెలేసుకుని, గోడకి ఆనుకుని, మునివేళ్ల మీద నిలబడతాడు. చూసేవాళ్లు ముక్కుతున్నాడనుకుంటారు, నిజానికి బిగబడుతున్నాడు. ఆపిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది. చాలా ఇళ్లలో దీనికి కారణం పాలు. ఏడాది దాటాక రోజుకి అర లీటరుకి మించి సీసాతో పట్టిస్తే అన్నం తినడు, పప్పూ కూరా పొట్టలోకి పోవు, రక్తంలో ఇనుమూ తగ్గుతుంది. పాలు తగ్గించి, నీళ్లు, బొప్పాయి, ఆకుకూర పప్పు పెంచితే చాలామందికి దారిలో పడుతుంది. నెత్తురు కనిపించినా, కడుపు ఉబ్బినా, వారానికి ఒకటి రెండుసార్లే వెళ్తున్నా పిల్లల డాక్టరుకి చూపించాలి. అది తగ్గేదాకా కుర్చీ మూలన పెట్టి మళ్లీ డైపరు వేసినా పరవాలేదు. డైపరులోనైనా రోజూ వెళ్లడం, కుర్చీలో కూర్చుని బిగబట్టడం కంటే మేలు. “ఛీ, ఎంత పెద్దవాడివి!” అని అందరి ముందు అనే బంధువు ఉంటే ఆ రోజుకి పిల్లాణ్ణి పక్క గదిలోకి తీసుకెళ్లండి.

రాత్రి సంగతి పూర్తిగా వేరు, అది నేర్పితే వచ్చేది కాదు. నిద్రలో మూత్రం తక్కువ తయారయ్యేలా చేసే హార్మోను ఒక్కో పిల్లకి ఒక్కో వయసులో సర్దుకుంటుంది. ఐదేళ్ల పిల్లల్లోనే వందకి పదిహేను మంది దాకా పక్క తడుపుతారు. తల్లికో తండ్రికో చిన్నప్పుడు ఉంటే ఇంకా ఎక్కువ. ఐదేళ్లలోపు దీన్ని డాక్టర్లు జబ్బుగా లెక్కపెట్టరు. పరుపు కింద రబ్బరు షీటు, రాత్రికి డైపరు, అంతే.

ఎవరింటికి ఏది?

అమ్మమ్మో నానమ్మో ఇంట్లో ఉంటే పాదాల పద్ధతితో మొదలుపెట్టి, నడక రాగానే కుర్చీకి మార్చండి. డైపరు ప్యాకెట్టు ఒకటి అటక మీద ఉంటే చాలు.

మీరు అమెరికాలో ఉండి, అత్తమామలో అమ్మానాన్నలో ఆరు నెలల కోసం మీ దగ్గరికి వస్తుంటే ఒకటే చెప్తాను. వాళ్లు దిగిన నెలలోనే మొదలుపెట్టండి, తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు సర్దేటప్పుడు కాదు. కార్పెట్టు లేని వంటింటి వైపే పిల్లని ఆడించమనండి. పెద్దవాళ్ల చేతుల మీద అలవాటైన పిల్లకి, వాళ్లు వెళ్లేలోపు మీ చేతులు కూడా అలవాటు కావాలి.

ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి పిల్లాణ్ణి క్రెష్‌లో వదిలేవాళ్లకి కుర్చీ, చెడ్డీ జతే దారి. అయితే ఇంట్లో ఒకటీ అక్కడ ఒకటీ అయితే పని జరగదు. చాలా క్రెష్‌లలో పని తేలికని రోజంతా డైపరులోనే ఉంచుతారు, ఆయమ్మ ఒక్కర్తీ పది మందిని చూసుకుంటుంటే ఆమెని అనీ లాభం లేదు. ముందు వరుసగా సెలవులొచ్చే శని ఆదివారాలు చూసుకుని ఇంట్లో మొదలుపెట్టండి. కాస్త గాడిన పడ్డాక క్రెష్‌లో చెప్పండి: అన్నం తిన్నాక ఒకసారి, నిద్ర లేవగానే ఒకసారి కూర్చోబెట్టమని. మధ్యాహ్నం నిద్రకి డైపరు వేసినా లేవగానే తీసెయ్యమనండి. నాడా ఉన్న నిక్కర్లు, గట్టి బొత్తాల జీన్సు పంపకండి, వాటిని ఊడదీసేలోపే పని అయిపోతుంది. ఎలాస్టిక్ చెడ్డీలు నాలుగు, తడిసినవి పెట్టడానికి జిప్ కవరు ఒకటి సంచీలో ఉంచండి.